మా రోజుల్లో ఒక్క రావిచెట్టుకి ఏడాది పట్టేది

ఒరే నాయనా, మొన్న ఆదివారం పొద్దున్న కోటిలింగాల రేవులో నా పక్కన చతికిలబడి, ఇరవై నిమిషాల్లో గోదావరిని ముగించేసి, పుస్తకాన్ని మెట్ల మీద పెట్టి ఫోటో తీసుకుని, "తాతగారూ, మీరింకా ఆకాశం దగ్గరే ఉన్నారేంటండీ" అన్నావు. నేను పలకలేదు. ఆకాశం తడి ఎంతవరకు ఆరిందో చూసుకుంటున్నాను అప్పుడు, నోరు విప్పితే అదను తప్పిపోతుంది. ఇప్పుడు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి తీరిగ్గా చెబుతున్నాను. విను. వినకపోయినా చెబుతాను, నాకు చెప్పుకోవాలని ఉంది.

మా రోజుల్లో ఆదివారం బొమ్మ శనివారం రాత్రే మొదలయ్యేది. అన్నాలయ్యాక మా అమ్మని బతిమాలి ఇంత మైదా జిగురు ఉడికించుకునేవాణ్ణి. కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, చెక్క మీద పరిచి, నాలుగు అంచులకీ జిగురు పట్టించి వదిలేస్తే, తెల్లారేసరికి ఎండి మద్దెల మూతలా బిగుసుకునేది. గోటితో కొడితే మోగేది. ఆ తరవాత దాని మీద ఎన్ని నీళ్ళు పోసినా ఉబ్బి గుంటలు పడేది కాదు. ఒక షీటుని నాలుగు ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కకీ రెండు వైపులా వేసేవాళ్ళం. మంచి కాగితం కావాలంటే మద్రాసు వెళ్ళేవాళ్ళెవరో చూసుకుని, వాళ్ళ చుట్టూ తిరిగి, డబ్బు ముందుగా చేతిలో పెట్టి, నెలరోజులు ఎదురుచూడాలి. అలా వచ్చిన కాగితం మీద చెయ్యి వేయడానికి భయం వేసేది. ఆ భయంలోంచే శ్రద్ధ వచ్చేది. ఇప్పుడు కాగితాల కట్టని అంచుల చుట్టూ జిగురు పెట్టి బిగించి అమ్ముతున్నారు. రాత్రికి ఆర్డరిస్తే ఎల్లుండికి గుమ్మంలో ఉంటుంది. చెడితే ఇంకోటి. చెడడం మీద మీకు బెంగే లేదు.

సామాను సంగతి చెబితే నువ్వు నవ్వుతావు. సొట్టపడ్డ ఎనామిల్ పళ్ళెం, అందులో రంగులు. మా నాన్నగారి మరచెంబు నిండా నీళ్ళు. సైకిలు హ్యాండిలుకి తగిలించినా మూత బిగించి ఉంటుంది గనక చుక్క ఒలికేది కాదు. కూర్చోవడానికి వంటింటి పీట. ఉడుత తోక వెంట్రుకల కుంచెలు రెండు, ఒకటి లావుది, ఒకటి సన్నది. పైన నల్ల గొడుగు. ఆ గొడుగు వానకో, మాడు మాడకుండానో అనుకుంటున్నావు గదూ? కాదు. తెల్ల కాగితం మీద ఎండ సూటిగా పడితే కళ్ళు చెదిరి, ఏ రంగు వేసినా లేతగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకాస్త, ఇంకాస్త అని ముదురు దట్టిస్తాం. ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మంతా మసిబారి ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు రెండు వేసవులు పట్టింది. మీవి రంగురంగుల గొడుగులు. గులాబీ గొడుగు కింద కూర్చుంటే కాగితం మీదకీ గులాబీ దిగుతుంది, ఆ కాగితం మీద నీలం ఎలా ఉందో నీకేం తెలుస్తుంది? నా గొడుగు నలుపని మా మనవరాలు వెక్కిరిస్తుంది గానీ, నలుపు దేనికీ రంగు పులమదు.

1970లో నాకు పద్దెనిమిదేళ్ళు. మా డ్రాయింగు మాస్టారు నన్ను గోదావరి గట్టుకి తీసుకెళ్ళి చేతిలో ఒక్క ఇండిగో బిళ్ళ పెట్టారు. అంతే, ఇంకో రంగు లేదు. "ఆరు నెలలు దీంతోనే వెయ్యరా" అన్నారు. ఎదురుగా అన్ని రంగులు కనబడుతుంటే ఒక్క నీలంతో ఏం వేస్తామండీ అన్నాను. "కళ్ళు చికిలించి చూడు, రంగులు ఎన్ని మిగిలాయో చెప్పు" అన్నారు. చికిలించి చూస్తే రంగులు పోయి, లేత, ముదురు, వాటి మధ్యది, ఈ మూడే మిగిలాయి. ఆకాశం లేత, అవతల కొవ్వూరు గట్టు మధ్యది, ఇవతల పడవ ముదురు. ఈ మూడూ వాటి వాటి చోట్ల కుదిరితే ఏ రంగు వేసినా బొమ్మ నిలబడుతుందని, కుదరకపోతే దుకాణంలో రంగులన్నీ కుమ్మరించినా నిలబడదని ఆయన చెప్పారు. నేను ఆరు నెలలూ సణిగాను. ఇప్పుడు నువ్వు నలభై ఎనిమిది రంగుల పెట్టె తెరిచి నా పక్కన పెట్టినప్పుడల్లా ఆ ఇండిగో బిళ్ళ గుర్తొస్తుంది.

ఆ మాస్టారికి ఈ ఊరంటే ప్రాణం. మా ప్రభుత్వ కళాశాలలో ఒకప్పుడు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్‌డ్రే దొర, తను స్వయంగా నీటిరంగులు వేసేవాడట, దామెర్ల రామారావు చేతిలో ఉన్న విద్యని గుర్తుపట్టి బొంబాయి జె.జె. స్కూలుకి పంపాడని చెబుతూ మా మాస్టారు ప్రతిసారీ ఒకే చోట గొంతు తగ్గించేవారు. రామారావు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. "వాడికి టైము లేదురా, అయినా తొందరపడలేదు. నీకు బోలెడు టైముంది, నీకెందుకు తొందర?" అనేవారు. రామారావు పేరు మీద ఈ ఊళ్ళోనే గ్యాలరీ ఉంది. నువ్వెప్పుడైనా లోపలికి వెళ్ళావా? వెళ్ళలేదు. ఎక్కడో స్పెయిన్‌లో ఎవరో వేసిన వీడియో అయితే రాత్రి ఒంటిగంట దాకా చూస్తావు.

సరే, రావిచెట్టు సంగతి. ఇండిగో గండం గడిచాక మాస్టారు మళ్ళీ ఇంకో శిక్ష వేశారు. రేవు పక్కన ఒక రావిచెట్టుండేది. ఏడాది పాటు ఆదివారం ఆదివారం దాన్నే వెయ్యమన్నారు. మోనే అనే ఫ్రెంచాయన 1890, 91 ఆ ప్రాంతాల్లో గడ్డిమేట్లనే పట్టుకుని, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మంచులో ఒకటి, ఇలా పాతిక బొమ్మల దాకా వేశాడని చెప్పారు. మన పొలాల్లో ఉండే గడ్డిమేట్ల లాంటివేనటండీ అని నేను ఆశ్చర్యపోయాను. నాకు రాజులూ రాణులూ వేయాలని ఉండేది అప్పట్లో. ఆ చెట్టుతో మొదటి నెల విసుగు, రెండో నెల కోపం. నాలుగో నెలలో గాని ఆ చెట్టు నాకు కనబడలేదు. మాఘం వెళ్ళేసరికి ఆకు రాల్చి ఒట్టి కొమ్మలై నిలబడింది, అప్పుడు తెలిసింది దాని అస్థిపంజరం నేను అన్నాళ్ళూ తప్పు గీస్తున్నానని. ఆ తరవాత లేతాకు వేసింది, రాగి చెంబు తోమి ఎండలో పెట్టినట్టు. ఆకుపచ్చ అన్నది చెట్టుకి వచ్చిపోయే చుట్టమేనని ఆ వసంతంలో అర్థమైంది. మీరు గుంపుగా వచ్చి, ఒక్క పూటలో అయిదు చోట్లు వేసి పోతారు. అయిదు చోట్లూ మీకు ఒక్కలాగే ఉంటాయి.

వెలుగు నిలబడదు నాయనా. ఆరున్నరకి ఉన్న నీడ ఎనిమిదిన్నరకి ఉండదు. అందుకని మొదట నీడల ఆకారాలు పెన్సిలుతో పట్టేసి, ఆ తరవాత సూర్యుడు ఎటు పోయినా వాటిని కదపకూడదు. ఇది వినడానికి తేలిక. అక్కడ కూర్చున్నాక, ఎదుట కొత్త నీడ అందంగా పడుతుంటే పాతదానికి కట్టుబడి ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎనిమిదింటి వెలుగు బాగుందని మార్చి, తొమ్మిదింటిది ఇంకా బాగుందని మార్చి, ఒకే బొమ్మలో మూడు వైపుల నుంచి ఎండ కాసిన బొమ్మలు మా అటక మీద బొత్తులు బొత్తులున్నాయి. కాగితమైనా ఒక్కతీరున ఉండదు మన సీమలో. రోహిణీ కార్తెలో రెండో కుంచె పెట్టేలోపు మొదటిది ఎండి గీత కడుతుంది. నీళ్ళలో ఒక్క చుక్క గ్లిజరిన్ వేసుకుంటే కాస్త ఆగుతుంది. శ్రావణంలో అయితే గంటసేపు విసనకర్రతో విసిరినా తడి ఆరదు. మీరు జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి కాగితం మీద పెడుతున్నారు. తడి తనంతట తను ఆరుతూ పోయే దారిలో కాగితం మీద కొన్ని జరుగుతాయి, మబ్బు అంచులు అలాగే పుడతాయి. వాటిని వేడిగాలితో తరిమేస్తున్నారు.

నీటి గురించి నాకు చెప్పింది మాస్టారు కాదు, ఒక పడవాయన. ఇసుక పడవ వేస్తున్నాను ఆ రోజు. ఆయన వెనక నిలబడి బీడీ కాలుస్తూ చాలాసేపు చూసి, "బాబుగారూ, ఈ పడవ మునిగిపోద్దండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఖాళీ పడవ నీళ్ళలో ఇంత దిగదండి. ఇంత దిగిందంటే నిండా ఇసకుండాల. మీరు ఇసక వెయ్యలేదు గదండి" అన్నాడు. చూస్తే నిజమే. పక్కనున్న ఖాళీ పడవ నీటి పైన ఎంత తేలి ఉందో, ఇసుక నింపిన పడవ అంచు నీటికి ఎంత దగ్గరగా ఉందో, ఏడాదిగా చూస్తూ కూడా నేను చూడలేదు. ఆ తరవాత ఆయన నాకు చాలా చెప్పాడు. ఆషాఢంలో కొత్తనీరొచ్చి గోదావరి ఎర్రబడినప్పుడు పడవ నీడ నీటి మీద పడుతుందని, మాఘంలో నీరు తేటపడ్డాక నీడ అంతగా పడదని, పడవ బింబమే కనబడుతుందని ఆయన వేలు పెట్టి చూపిస్తే గాని నాకు తట్టలేదు. బురదనీరు గోడలాంటిది, నీడని పట్టుకుంటుంది. తేటనీరు అద్దం. 1986 ఆగస్టు వరదలో గట్టు మీద నిలబడి ఆ ఎర్రనీటిని వేసినప్పుడు ఆయన మాటే చేతిలో పని చేసింది. ఇప్పుడు మీ వెనక ఎవరూ నిలబడరు. నిలబడినా ఫోనెత్తి మిమ్మల్ని వీడియో తీసుకుంటారు, బొమ్మలో తప్పు చెప్పరు. మాకు ముంజలు తెచ్చి ఇచ్చేవాళ్ళు, "ఆ గేదె మాదేనండి, దానికి కుడికొమ్ము వంకరండి" అని సరిదిద్దేవాళ్ళు. అంతమంది పరీక్షాధికారులు ఏ కాలేజీలో దొరుకుతారు?

పచ్చదనం దగ్గర మీరు చేసే పని చూస్తే నాకు ఏడుపొస్తుంది. ట్యూబులోంచి పచ్చరంగు పిండి, కోనసీమంతా దాన్నే పూస్తారు. కోనసీమలో ఒక్క పచ్చ ఉందా? నారుమడిది పసుపు తిరిగిన పచ్చ, ఎండ వెనకనుంచి పడితే దీపం పెట్టినట్టుంటుంది. అరటాకు మీద తెల్లటి మెరుపు. కొబ్బరిమట్ట పైభాగం ఆకాశాన్ని పట్టుకుని నీలంగా ఉంటుంది, కింద మట్ట ముదురు గోధుమలోకి పోతుంది. మామిడి లేతాకు పచ్చే కాదు. మేం గాంబోజి పసుపులో ఇండిగో కలుపుకుని, పాళ్ళు మార్చుకుంటూ, మరీ పచ్చిగా ఉంటే చిటికెడు బర్న్ట్ సియెన్నాతో దాని పొగరు తగ్గించుకుని, పళ్ళెంలో పదిరకాల పచ్చలు చేసుకునేవాళ్ళం. కాలవ గట్టున కూర్చుని ఒక పొద్దంతా పచ్చల్ని చిన్న చిన్న గళ్ళలో వేసుకుని, ఏది ఏ ఆకుదో పక్కన రాసుకున్న పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. నా బొమ్మలన్నిటికంటే ఆ పుస్తకమే నాకు ఎక్కువ.

ఇక ఫోను. ఇదే నా అసలు బాధ. మొన్న మీరంతా పాపికొండలు వెళ్ళొచ్చారు. లాంచీలో వెళుతూ వందల ఫోటోలు తీశారు, ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చుని వేశారు. నాకు చూపించావు. నాయనా, ఆ కొండలు అంత చిన్నవా? లాంచీ మలుపు తిరిగేసరికి రెండు వైపులా కొండలు మీదకొచ్చి నది ఇరుకైపోతుంది, గుండె ఆగినట్టవుతుంది. నీ బొమ్మలో అవి చీమల పుట్టల్లా దూరంగా ఉన్నాయి. అది నీ తప్పు కాదు, ఫోనులో ఉన్న వెడల్పు అద్దం దగ్గరున్నదాన్ని పెద్దది చేసి, దూరంగా ఉన్నదాన్ని ఇంకా వెనక్కి నెట్టేస్తుంది. నీడలో ఉన్న కొండ వాలుని నల్లగా చేసి పారేస్తుంది. అక్కడ నిలబడి చూస్తే ఆ నీడలోనే ఊదా ఉంటుంది, నీలం ఉంటుంది, చెట్ల మధ్య పొగ ఉంటుంది. మబ్బుల వెలుగు మన కంటికి పది మెట్లుగా కనబడితే, ఫోను ఒక్క తెల్లమచ్చ చేసి పెడుతుంది. ఏ రంగు ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆ యంత్రం ముందే తేల్చేస్తే, ఇక నువ్వు వేసింది నువ్వు చూసిన కొండని కాదు గదా. కొండ ముందు కూర్చుంటే దోమలుంటాయి, ఎండ ఉంటుంది, నడుం పడిపోతుంది. అవన్నీ బొమ్మలోకి వస్తాయి. ఎలా వస్తాయో చెప్పలేను గానీ వస్తాయి.

మీరు ఎక్కువగా సాయంత్రమే వస్తారు, అది ఇంకో బాధ. మన ఊరు నదికి తూర్పు గట్టు. సూర్యుడు కొవ్వూరు వైపు నదిలోకి దిగుతాడు, అడ్డంగా వంతెన నల్లగా ఉంటుంది, మీకు నారింజ రంగు దొరుకుతుంది. అందరి బొమ్మా అదే. పొద్దున వచ్చి చూడు. వెలుగు నీ వీపు మీదుగా వెళ్ళి అవతలి గట్టుని ముందు తడుముతుంది, నీళ్ళు ఇంకా బూడిదనీలంలో నిద్రపోతుంటాయి, ఆ గట్టు మీద ఒక్క సన్నటి బంగారు గీత. ఆ గీత ఎంత లేతో, దాని కింది నీలం ఎంత మెత్తనో పట్టుకోవడానికి నేను యాభై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. మా కుర్రతనంలో నదికి ఒక్కటే వంతెన, 1900 నాటి హేవలాక్ వంతెన, 56 స్పానులు. దాని వెనక మబ్బు తెరుచుకుంటే చాలు, బొమ్మ తనంతట తను కుదిరేది. కొవ్వూరు వెళ్ళే లాంచీలుండేవి, తెరచాప పడవలుండేవి. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చింది, 1997లో విల్లుల వంతెన వచ్చింది, అదే ఏడు హేవలాక్ వంతెన మీద రైళ్ళు ఆపేశారు. చూపు ఎటు తిప్పినా సిమెంటు స్తంభాలు అడ్డం. తెరచాపలు పోయాయి. ఇప్పుడు నదిలో ఆకాశాన్ని తాకే తెల్లటి ఆకారం ఒక్కటీ లేదు, బొమ్మకి నిలువుగీత ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?

ఇలా అంటుంటే మా మాస్టారు గుర్తొస్తారు. 1974 వంతెన స్తంభాలు లేస్తున్నప్పుడు ఆయన కూడా గట్టు మీద నిలబడి, నదిని చెడగొడుతున్నారని, ఇక ఇక్కడ వేయడానికేం మిగలదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను ఆ సగం లేచిన స్తంభాల్నే వేశాను. ఆయన ఆ బొమ్మని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నా చేతికిచ్చారు. నా కుర్రతనం బొమ్మల్లో ఇవాళ్టికీ నాకు నచ్చేది అదొక్కటే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: మాస్టారి దగ్గరికి వెళ్ళకముందు నేను వేసినవన్నీ క్యాలెండర్లు చూసి దింపినవే. కాశ్మీరు సరస్సులు, మంచుకొండలు. నేను పుట్టింది గోదావరి ఒడ్డున, వేసింది దాల్ సరస్సు. కాబట్టి ఫోను చూసి వేసేవాళ్ళని తిట్టే అర్హత నాకు ఉందో లేదో నాకు తెలియదు, అయినా తిడతాను.

పోయిన వేసవిలో మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. పన్నెండేళ్ళది. పలకలాంటి దాని మీద వేలితో వేస్తుంది. అది రంగేనా, తడుందా, వాసనుందా అని నేను రెండ్రోజులు గొణిగాను. మూడోరోజు తెల్లవారుజామున లేపి, ధవళేశ్వరం తీసుకెళ్ళి, ఆనకట్ట కింద ఎండాకాలం బయటపడే ఇసుకలో పీట వేసి కూర్చోబెట్టాను. ఇసుకలోకి లాగిపెట్టిన నావ ఒకటుంది. మనవరాలికి నా కుంచె ఇచ్చాను, నేను సన్నది తీసుకున్నాను. నేను నావ నీడకి అలవాటుగా గోధుమరంగు కలుపుతున్నాను. ఇసుక గోధుమ, కాబట్టి దాని నీడ ముదురు గోధుమ. యాభై ఏళ్ళుగా అలాగే కలుపుతున్నాను. అది నా పళ్ళెంలోకి చూసి, "తాతయ్యా, అక్కడ నీలంగా ఉందిగా, నువ్వెందుకు గోధుమ కలుపుతున్నావు?" అంది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. నీలమే. ఆకాశం మొత్తం ఆ నీడలోకి దిగి ఉంది. నావకి దగ్గరగా కొంచెం వెచ్చన, బయటి అంచుకి వచ్చేకొద్దీ నీలం, ఊదా. మాస్టారు చెప్పింది, పడవాయన చూపించింది, అన్నీ నాకు తెలుసనుకుని, తెలిసిన రంగు కలుపుతూ, నేను చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియలేదు.

ఆ గోధుమరంగు ఒలకబోసి మళ్ళీ కలిపాను. మనవరాలు వేసిన నావ బొద్దుగా, వంకరగా ఉంది. నీడ మాత్రం నిజం. దాన్ని మా హాల్లో గోడకి పెట్టాను. దాని పక్కన నాది పెట్టలేదు.

అయితే ఒక మాట, అది అక్కడ కూర్చుంది గనక ఆ నీలం చూసింది. పలకలో చూడలేదు. తెల్లవారుజామున లేచి, ఇసుకలో తాత గొణుగుడు భరించి కూర్చుంది. నేను అడిగేది అంతే. నీ నలభై ఎనిమిది రంగులు నువ్వు తెచ్చుకో, నీ గులాబీ గొడుగు మాత్రం ఇంట్లో పెట్టు. ఈ ఆదివారం అయిదింటికి మా ఇంటికి రా. రెండు కాగితాలు నానబెట్టి బిగిస్తున్నాను, ఒకటి నీకు. మైదా జిగురు మా ఆవిడ ఉడికించనంటోంది గనక నేనే ఉడికిస్తాను. మరచెంబు నువ్వు పట్టుకోవాలి, నా మోకాళ్ళు మెట్లు దిగడానికే సరిపోతాయి. ఆకాశం ఒక్కటే వేద్దాం. నీళ్ళ సంగతి వచ్చే ఆదివారం చూద్దాం.